బఠాణీ గింజయు నల్లని శలభమును

ఆవు కడుపున దూడయే పుట్టును. మఱ్ఱివిత్తు నుండి మఱ్ఱియే మొలచును. ఈ సంగతి పసిపిల్లలకును తెలిసినదే. అయినను ఒక్క ఈతలో పుట్టిన కుక్కపిల్లలలో ఒకటి నల్లగను, ఒకటి తెల్లగను, వేరొకటి మచ్చలతోను ఉండును. ఒక తల్లి బిడ్డలలో ఒకనికి తండ్రి ముక్కు వచ్చును. ఒకనికి తాత చెవులు వచ్చును. తల్లిదండ్రులిద్దరిలోను కానరాని పోలిక ఒక్కొక్కప్పుడు మనుమని యందు మరల తలయెత్తును. పోలిక ఏల కలుగును? పోలికతోపాటు భేదమేల కలుగును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకు శాస్త్రమునకు జన్యుశాస్త్రమని పేరు.

ఇంకొక ప్రశ్నయు కలదు. పుట్టిన ప్రాణి ఏదియు ఒంటరిగా బ్రతుకజాలదు. దానికి గాలియు, నీరును, ఎండయు కావలెను. అది ఒకదానిని తిని బ్రతుకును. తాను మఱియొకదానికి ఆహారమగును. చెట్టు, పురుగు, పక్షి, మన్ను, వాన - ఇవన్నియు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. అట్లయిన, ఒక్కచోట కలిగిన మార్పు మిగిలినవానినెట్లు తాకును? ఈ విషయమును విచారించు శాస్త్రమునకు జీవావరణశాస్త్రమని పేరు.

ఈ రెండు శాస్త్రములకును 1866వ సంవత్సరము గుర్తుంచుకొనదగినది. ఆ యేట గ్రెగర్ మెండెల్ అను మఠవాసి బఠాణీ మొక్కలపై తాను చేసిన పరిశోధనల వృత్తాంతము అచ్చుపడెను. ఆ యేటనే ఎర్నెస్ట్ హెకెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, ఇల్లు అను అర్థముగల గ్రీకుపదము నుండి, జీవావరణశాస్త్రమునకు 'ఎకాలజీ' అను పేరును కల్పించెను. ఒకటి గింజలోపలి రహస్యమును వెదకినది. రెండవది ప్రాణి నివసించు ఇంటిని పరికించినది. ఈ రెండు దారులును కలిసికొనుటకు చాలకాలము పట్టినది. అవి కలిసికొన్న తావులలో ఒకచోట ఒక చిన్న శలభము కనిపించును. ఆ శలభమును గూర్చి తెలిసికొనుటకు ముందు మెండెల్ తోటను చూడవలెను.

మెండెల్ 1822లో ఒక పేద రైతుకుటుంబమున జన్మించెను. 1843లో, నేడు చెక్ దేశమునకు చెందిన బ్రనో నగరములోని మఠమున చేరెను. 1856 మొదలు 1863 వరకు ఆ మఠపుతోటలో ఆయన బఠాణీలను పెంచెను. ఆయన కాలమునాటి పండితులు చాలమంది, పాలును నీళ్లును కలిసినట్లు, తల్లి గుణములును తండ్రి గుణములును బిడ్డయందు కలిసిపోవునని భావించుచుండిరి. అది నిజమా అని మెండెల్ తర్కముతో గాక గింజలను లెక్కించి తేల్చదలచెను.

బఠాణీమొక్కను ఆయన ఊరక ఎన్నుకొనలేదు. అది త్వరగా పెరుగును. తక్కువ చోటులో పండును. దానిలో స్పష్టమైన భేదములు కలవు. కొన్నిటి గింజలు గుండ్రముగా నుండును. కొన్నిటివి ముడుతలు పడియుండును. కొన్నిటి గింజలు పసుపుపచ్చనివి, కొన్నిటివి ఆకుపచ్చనివి. కొన్ని మొక్కలు పొడుగుగా పెరుగును. కొన్ని పొట్టిగా నిలిచిపోవును. పైగా బఠాణీ పువ్వు తన పుప్పొడితో తానే ఫలించును; వెలుపలి పుప్పొడి సాధారణముగా లోనికి రాదు. మెండెల్ మొదట 34 రకముల విత్తనములను తెప్పించి, అవి తమ గుణములను మార్పు లేకుండ నిలుపుకొనునో లేదో రెండేండ్లు పరీక్షించెను. తరువాత ఏడు జతల గుణములను పరిశోధనకు ఎన్నుకొనెను.

ఆయన చేసిన పని ఓర్పుతో కూడినది. పువ్వు మొగ్గగా నున్నప్పుడే దానిని విప్పి, కేసరములను త్రుంచివేసి, మఱియొక రకపు మొక్క పుప్పొడిని ఆ పువ్వునకు అంటించును. ఇతర పుప్పొడి చేరకుండ దానిని కప్పి ఉంచును. ఈ రీతిగా గుండ్రని గింజల మొక్కకును, ముడుతల గింజల మొక్కకును సంకరము చేసెను. పుట్టిన గింజలన్నియు గుండ్రముగానే యుండెను. ఒక్కటియు సగము ముడుతపడి కానరాలేదు. ముడుత గుణము నశించినదా యని తోచెను.

ఆయన ఆ గింజలను నాటి, మొక్కలను వానియంతట వానిని ఫలింపనిచ్చెను. ఈ మారు వచ్చిన 7,324 గింజలలో 5,474 గుండ్రనివి. 1,850 ముడుతలు గలవి. అనగా ఒక ముడుత గింజకు మూడు గుండ్రని గింజలు చొప్పున వచ్చినవి. గింజల రంగును లెక్కింపగా 6,022 పసుపుపచ్చనివి, 2,001 ఆకుపచ్చనివి. అక్కడను మూడునకు ఒకటియే. మిగిలిన గుణములలోను ఇంచుమించుగా ఇదియే లెక్క.

పోయినదనుకొన్న ముడుత, తగ్గిపోకుండ, సంపూర్ణముగా తిరిగివచ్చినది. పాలలో కలిసిన నీరు ఇట్లు తిరిగిరాదు. కావున గుణములు పాలు నీళ్లవలె కలియుట లేదు. జొన్నలు సజ్జలు వలె కలియుచున్నవి. రెంటిని ఒక సంచిలో పోసి ఎంత కలియబెట్టినను జొన్నగింజ జొన్నగింజయే, సజ్జగింజ సజ్జగింజయే. అట్లే ప్రతి గుణమునకును విడివిడిగా నుండు కారకములు కలవని మెండెల్ గ్రహించెను. ఆ కారకములకే తరువాతి కాలమున జన్యువులు అని పేరు వచ్చినది.

ప్రతి మొక్కయందును ఒక్కొక్క గుణమునకు రెండు కారకములు ఉండును; తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. ఒకటి గుండ్రని కారకము, వేరొకటి ముడుత కారకము అయినచో గింజ గుండ్రముగానే యుండును. ఇట్లు పైకి కనిపించు గుణము బహిర్గతము. దాగియుండు గుణము అంతర్గతము. దాగియున్నది నశించినది కాదు. ఆ మొక్క తన సంతానమునకు రెండింటిలో ఏదో ఒక కారకమును మాత్రమే ఇచ్చును. ఏది ఇచ్చునో అది నాణెమును ఎగురవేసినట్లు యాదృచ్ఛికము. రెండు నాణెములను కలిపి ఎగురవేసిన నాలుగు విధములుగా పడవచ్చును: రెండును బొమ్మ, మొదటిది బొమ్మ, రెండవది బొరుసు, మొదటిది బొరుసు, రెండవది బొమ్మ, రెండును బొరుసు. మొదటి మూడింటిలో బొమ్మ ఒకటియైనను కలదు, నాలుగవదానిలో లేదు. బొమ్మ యనునది గుండ్రని కారకమనుకొన్నచో, మూడునకు ఒకటి అను లెక్క దానియంతట అదియే వచ్చును.

ఈ ఊహ నిజమైనచో గుండ్రని గింజలన్నియు లోపల ఒక్కరీతిగా ఉండరాదు. మూడింట ఒకటి మాత్రమే శుద్ధమైనది; మిగిలిన రెండు లోపల ముడుత కారకమును దాచుకొన్నవి. మెండెల్ దీనినికూడ పరీక్షించెను. గుండ్రని గింజలనుండి పెరిగిన 565 మొక్కలలో 193 గుండ్రని గింజలనే కాచెను. 372 రెండు విధముల గింజలను కాచెను. ఒకటికి రెండు! చూపునకు ఒక్కటిగా నున్నవి లోపల వేరుగా ఉండవచ్చునని ఇట్లు రుజువైనది.

మెండెల్ 1865లో తన ఫలితములను బ్రనో నగరపు శాస్త్రజ్ఞుల సమావేశములలో చదివెను. మరుసటియేడు అవి అచ్చుపడినను వాని విలువను గుర్తించినవారు లేకపోయిరి. 1884లో ఆయన మరణించెను. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా అవే నియమములను కనుగొని, తమకు ముందే ఒక మఠవాసి వానిని కనుగొనియుండెనని లోకమునకు చాటిరి. తోటలో పండిన సత్యము ముప్పదినాలుగేండ్లు పుస్తకమున నిద్రించినది.

జన్యువులు కణములలోని క్రోమోసోములపై ఉండునని ఇరువదవ శతాబ్దమున తెలిసినది. అవి డి.ఎన్.ఏ. అను పదార్థముతో ఏర్పడినవి. 1953లో వాట్సన్, క్రిక్ అనువారు దాని ఆకృతిని వివరించిరి. అది మెలికలు తిరిగిన నిచ్చెనవంటిది. కణము విభజన చెందునప్పుడెల్ల ఈ పదార్థమునకు ప్రతి తయారగును. పూర్వము తాటాకుగ్రంథములకు ప్రతివ్రాయు లేఖకులు ఎంత జాగరూకులైనను అక్కడక్కడ ఒక అక్షరము తప్పుట కలదు. అట్లే ఇక్కడను అరుదుగా తప్పులు దొరలును. దీనికి ఉత్పరివర్తనమని పేరు. అది కొన్నిటికి కీడు చేయును; అనేకసమయములలో ఏ మార్పును కలిగింపదు; ఎప్పుడో ఒకప్పుడు మేలును చేయును. అయితే మేలో కీడో నిర్ణయించునది ఆ తప్పు మాత్రమే కాదు; ప్రాణి నివసించు పరిసరముకూడ. ఈ మాటకు అర్థము శలభము కథలో తెలియును.

శలభము సీతాకోకచిలుకకు జ్ఞాతి. రాత్రివేళ ఎగురుచు దీపముచుట్టు మూగును. ఇంగ్లండు దేశములో ఒక జాతి శలభము కలదు. దాని రెక్కలు లేత బూడిదరంగువి; వానిపై మిరియపుపొడి చల్లినట్లు నల్లని చుక్కలు ఉండును. దాని గొంగళిపురుగు భూర్జము మొదలగు చెట్ల ఆకులను తిని, పుల్లముక్కవలె కనిపించుచు శత్రువులను మోసగించును. శీతకాలమున మంటిలో ప్యూపాగా నిద్రించును. ఏటికి ఒక్క తరమే. కాని ఒక్కొక్క ఆడుశలభము వందలకొలది గ్రుడ్లను పెట్టును. పెద్ద శలభము రాత్రి తిరిగి, పగలెల్ల చెట్టుకొమ్మలపైనో బోదెపైనో కదలక పడియుండును.

పగటివేళ దానికి మాటు చెట్టు బెరడే. స్వచ్ఛమైన గాలిగల అడవులలో బెరడుపై లైకెన్లు దట్టముగా పెరుగును. మసాలాలో వాడు రాతిపువ్వు ఇట్టి లైకెనే. లైకెను ఒక్క ప్రాణి కాదు. శిలీంధ్రమును శైవలమును కలిసి కాపురముండు రూపము. శైవలము ఎండనుండి ఆహారమును సిద్ధపరచును. శిలీంధ్రము దానికి ఉనికిపట్టును, తేమను సమకూర్చును. లేతరంగు లైకెన్లపై చుక్కల శలభము వ్రాలినచో పిట్ట కంటికి అది కనబడుట కష్టము. ఆకును గొంగళిపురుగు తినును. శలభమును పిట్ట తినును. లైకెను శలభమును దాచును. ఆకు, పురుగు, పిట్ట, లైకెను ఈ నాలుగును ఒక గొలుసు.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ గొలుసుపై పొగ కమ్మినది. మాంచెస్టరు మొదలగు నగరములలో ఆవిరియంత్రములతో నడచు మిల్లులు వెలసెను. రాక్షసిబొగ్గు మండగా లేచిన మసి చెట్లపై పడి బెరడును నల్లబరచెను. ఆ పొగలోని గంధకపు వాయువు లైకెన్లను చంపెను. లేతరంగు శలభమునకు మాటు పోయినది. నల్లని గోడపై సున్నపుబొట్టువలె అది పిట్టల కంటబడసాగెను.

1848లో మాంచెస్టరులో పూర్తిగా నల్లనైన శలభమొకటి దొరకినది. అంతకుముందు అట్టిది అపురూపము. 1895 నాటికి ఆ ప్రాంతపు శలభములలో నూటికి 98 నల్లనివే! ఏబదియేండ్లలోపల ఒక జాతి రూపమే తారుమారైనది.

ఈ సందర్భమున ఒక పొరపాటు అభిప్రాయము పలువురకు కలుగును. చుట్టును నల్లబడుటచే శలభమును నల్లబడినది. లేదా బ్రతుకవలెనను కోరికచే రంగు మార్చుకొన్నది - అని. అది నిజము కాదు. పొగలోని లోహలవణములే శలభములను నల్లబరచుచున్నవని 1920 దశకమున ఒక వాదము బయలుదేరెను; ఇతరులు అదే పరీక్షను చేయగా ఆ ఫలితము రాలేదు. ఏ ఒక్క శలభమును తన రెక్కల రంగును మార్చుకొనలేదు. లేతరంగు శలభము లేతరంగుతోనే చచ్చినది. నల్లనిది నల్లగానే బ్రతికినది. మారినది శలభము కాదు; శలభముల లెక్క.

ఇక్కడ మెండెల్ నియమము అక్కరకు వచ్చుచున్నది. శలభములలో నలుపు బహిర్గతము, లేతరంగు అంతర్గతము. నలుపు కారకము ఒక్కటియున్నను రెక్కలు నల్లనగును. కావున అరుదుగా పుట్టిన నల్లని శలభము లేతరంగు దానితో జతగూడినను, వాని పిల్లలలో సుమారు సగము నల్లనివే యగును. మసిబారిన అడవిలో వానిని పిట్టలు గుర్తింపలేవు. అవి బ్రతికి గ్రుడ్లు పెట్టును. లేతరంగువి గ్రుడ్లు పెట్టుటకు ముందే పిట్టలపాలగును. ఏటేట ఇట్లు జరిగినచో లెక్క తారుమారగుటలో వింతలేదు. ఛార్లెస్ డార్విను చెప్పిన ప్రకృతివరణము ఇదియే.

1896లో టట్ అను కీటకశాస్త్రజ్ఞుడు పిట్టలే దీనికి కారణమని ఊహించెను. 1924లో జె. బి. ఎస్. హాల్డేన్ అను మేధావి ఈ మార్పును గణితముతో కొలిచెను. ఏబదియేండ్లలో ఇంత మార్పు రావలెనన్న, రెండు లేతరంగు శలభములు సంతతిని నిలుపుకొన్న చోట మూడు నల్లనివి నిలుపుకొనవలెనని ఆయన లెక్క తేల్చెను. ప్రకృతివరణము ఇంత బలముగా పనిచేయునని అంతకుముందు చాలమంది తలచియుండలేదు. ఈ హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, పిమ్మట భారతపౌరుడయ్యెను. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరికననుసరించి ఆయన దేహము కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల అధ్యయనమునకై సమర్పింపబడెను. జీవించియుండగా జీవశాస్త్రమును బోధించిన ఆయన మరణానంతరమును బోధనను విడువలేదు.

ఊహయు గణితమును చాలవు; కంటితో చూచుట కావలెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన బెర్నార్డ్ కెటిల్‌వెల్ 1953లో బర్మింగ్‌హామ్ దగ్గరి మసిబారిన అడవిలో శలభములను విడిచెను. విడుచుటకు ముందు వాని రెక్కల అడుగున పిట్టలకు కానరాకుండ రంగుచుక్కను పెట్టెను. తరువాత దీపముల సాయముతోను, ఇతర ఉపాయములతోను వానిని తిరిగి పట్టెను. విడిచిన 447 నల్లని శలభములలో 123 తిరిగి దొరకెను; 137 లేతరంగు వానిలో 18 మాత్రమే దొరకెను. అనగా నల్లనివి నూటికి 27 చొప్పునను, లేతరంగువి నూటికి 13 చొప్పునను మిగిలినవి. 1955లో డార్సెట్ సీమలోని స్వచ్ఛమైన అడవిలో ఈ పరీక్షనే చేయగా ఫలితము తలక్రిందయ్యెను. 496 లేతరంగు వానిలో 62 దొరకెను. 473 నల్లని వానిలో 30 మాత్రమే దొరకెను. పిట్టలు శలభములను ఏరి తినుట చలనచిత్రముగా కూడ తీయబడెను.

అయినను శాస్త్రము ఒక్క పరీక్షతో తృప్తిపడదు. కెటిల్‌వెల్ శలభములను పగటివేళ చెట్టుబోదెలపై విడిచెననియు, సహజముగా అవి కొమ్మల మాటున వ్రాలుననియు, ఒకేచోట మితిమీరి విడిచినచో పిట్టలకు విందు దొరకినట్లగుననియు విమర్శలు వచ్చెను. కొందరు ఈ కథ అంతయు బూటకమని కూడ అనిరి. విమర్శకు కోపము సమాధానము కాదు. మఱింత జాగ్రత్తతో చేసిన పరీక్షయే సమాధానము. కేంబ్రిడ్జిలో మైకేల్ మజేరస్ అను శాస్త్రజ్ఞుడు 2001 మొదలు 2007 వరకు ఆ పరీక్షను చేసెను. శలభములు రాత్రివేళ తమకు నచ్చిన చోట వ్రాలునట్లు చేసి, ఉదయమున పిట్టలు వేటిని తినుచున్నవో స్వయముగా చూచెను. ఇట్లు 4,864 శలభములను విడిచెను. స్వచ్ఛమైన ఆ తావున నల్లని శలభములే ఎక్కువగా పిట్టల వాతబడెను. ఆ ఫలితములను సంపూర్ణముగా ప్రకటింపకముందే 2009లో ఆయన మరణించెను. తోడి శాస్త్రజ్ఞులు నలుగురు ఆయన లెక్కలను పరిశీలించి 2012లో ప్రకటించిరి. పూర్వపు నిర్ణయము నిలిచినది.

ఈలోపల మఱియొక పెద్ద పరీక్ష దేశమంతట తానై జరిగినది. 1952 డిసెంబరులో లండన్ నగరమును దట్టమైన పొగమంచు కమ్మి వేలకొలది జనులను బలిగొన్నది. దాని ఫలితముగా 1956లో స్వచ్ఛవాయు శాసనము వచ్చినది. ఇండ్లలోను మిల్లులలోను పొగ తగ్గెను. మెల్లగా చెట్ల నలుపు వదలెను. లైకెన్లు మరల మొలచెను. లివర్‌పూలుకు సమీపమున ఒకచోట 1959లో నూటికి తొంబదికి పైగా నుండిన నల్లని శలభములు 1990 దశకము నడుమకు నూటికి ఇరువదికి లోబడెను. నేడు ఇంగ్లండులో నల్లనిది మరల అపురూపము.

లేతరంగు ఎక్కడినుండి తిరిగివచ్చెను? కొన్ని శలభములు పొగలేని పల్లెసీమలనుండి ఎగిరివచ్చెను. మఱికొన్నిటి జాడ మెండెల్ తోటలో కలదు. ముడుత కారకము గుండ్రని గింజలో దాగినట్లు, లేతరంగు కారకము నల్లని శలభముల దేహములలో దాగియుండెను. పిట్ట రెక్కను చూడగలదు గాని రెక్కలోపలి కారకమును చూడజాలదు. కనబడనిది కనబడని కారణముననే బ్రతికినది. పొగ తొలగగానే బయటపడి పెరిగినది.

నలుపునకు మూలమైన మార్పును 2016లో లివర్‌పూలు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఒక జన్యువు నడుమ సుమారు 22,000 అక్షరముల పొడవుగల డి.ఎన్.ఏ. ముక్క ఎటనుండియో వచ్చి చేరినది. అది 1819 ప్రాంతమున జరిగియుండునని వారు అంచనా కట్టిరి. పొగ ఆ మార్పును పుట్టింపలేదు. అది యాదృచ్ఛికముగా పుట్టినది. పొగ దానికి దారి యిచ్చినది. పొగలేని అడవిలో అదే మార్పు శలభమునకు మృత్యువు.

ప్రతి జాతికిని ఈ అదృష్టము లేదు. భారతదేశమున రాబందుల గతి ఇందుకు సాక్ష్యము. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు, చచ్చిన పశువు మాంసముతో రాబందు కడుపులో చేరి మూత్రపిండములను చెరచెను. ఈ కారణము 2004లో బయటపడినది. 1990 దశకపు ఆరంభము మొదలు 2007 నాటికి తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించెను. శలభము ఏటేట వందలకొలది గ్రుడ్లు పెట్టును. రాబందు ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టును. విషమును తట్టుకొను మార్పు కలిగి వ్యాపించుటకు దానికి వ్యవధి లేకపోయెను. రాబందులు శుభ్రపరచవలసిన కళేబరములు కుక్కల పాలయ్యెను. 2006లో పశువైద్యమున ఆ మందును ప్రభుత్వము నిషేధించినది. మనుష్యుడు తెచ్చిన మార్పునకు ప్రకృతి అన్నివేళల మందు వెదకియీయజాలదు. మార్పును తెచ్చినవాడే వెనుదీయవలసియుండును.

ఈ కథలు రైతుకును సంబంధించినవే. 1960 దశకము తరువాత అధికదిగుబడి నిచ్చు వరిరకములు వ్యాపించిన దేశములలో ఒక వైరసు తెగులు పైరును గిడసబార్చెను. శాస్త్రజ్ఞులు వేలకొలది రకములను పరీక్షింపగా, ఆ తెగులునకు లొంగని గుణము ఉత్తరప్రదేశమునుండి సేకరించిన ఒక అడవివరిలో దొరకినది. ఎవరును పండింపని, ఎవరును వండుకొనని ఆ గడ్డిమొక్క జన్యువు పండువరిలో చేర్పబడి కోట్లమంది కంచములను కాపాడినది. దానిని పనికిరాని కలుపు అని పెరికివేసియుండినచో ఆ గుణము ఎక్కడ దొరకెడిది?

1848లో నల్లని శలభము ఒక వింత. 1895లో లేతరంగుది ఒక వింత. ఏది మేలైన రంగు అని అడిగినచో, ఎక్కడ, ఎప్పుడు అని తిరిగి అడుగవలెను. జాతిలోని భేదములు దాని లోపములు కావు. రాబోవు కాలమునకై అది దాచుకొన్న ధాన్యము. ఏ గింజ ఏ కరువున అక్కరకు వచ్చునో ముందుగా చెప్పుట ఎవరితరమును కాదు. కావుననే గాదెను ఖాళీ చేయకుండుట వివేకము.